గాడిద చెవి మొలిచే వరస

వరసత్తయ్యకు లోకంలో కావలసింది ఒకే ఒక్కటి. వరస. ఏది దేని తర్వాత రావాలో అది దాని తర్వాతే రావాలి. భూకంపం వచ్చినా సరే, ముందు కిటికీ అద్దాలు చప్పుడు చెయ్యాలి, తర్వాత గోడ గడియారం ఊగాలి, ఆ తర్వాతే ఆవిడ కుర్చీలోంచి లేస్తుంది. గడియారం ముందు ఊగిందంటే అది భూకంపం కాదని తేల్చేసి మళ్ళీ పనిలో పడిపోతుంది.

ఆవిడ పని పళ్ళాసుపత్రిలో. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, కూర్చోబెట్టడం, పిలుపు రాగానే లోపలికి పంపడం. ఆ వీధిలో ఎవరికీ ఆవిడ సొంత మేనత్త కాదు. అయినా పంటినొప్పితో వచ్చిన ప్రతివాళ్ళూ అత్తయ్యా అనే పిలిచారు. ముందర ఆ "వరస" అన్న ముక్క ఎవరు తగిలించారో తెలియదు గాని, తగిలించాక అది మరి ఊడలేదు.

సినిమాకు ఆలస్యంగా వెళ్ళి, మొదట్లో పేర్లు పడే ముక్క తప్పిపోయిందని ఆ ఆట అంతా బయట బెంచీ మీద కూర్చుని, తర్వాతి ఆటకు లోపలికి వెళ్ళిన మనిషి ఆవిడ. ఏదైనా చెబుతున్నప్పుడు మధ్యలో ఎవరైనా అడ్డం వచ్చారా, ఆగిన చోట అందుకోవడం ఆవిడకు చేతకాదు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాల్సిందే. ఒకసారి వెనక గదిలో కుళాయి విరిగిన సంగతి పెద్ద డాక్టరుగారికి చెప్పబోయింది. "పొద్దున్న నేను తలుపు తీసేసరికి" అని మొదలుపెట్టడం, ఫోను మోగడం, మళ్ళీ "పొద్దున్న నేను తలుపు తీసేసరికి" అనడం, మళ్ళీ మోగడం. ఆవిడ కుళాయి దాకా వచ్చేలోపల నీళ్ళే పెద్ద డాక్టరుగారి బూట్ల దాకా వచ్చాయి.

అన్నిటికన్నా పెద్ద తంతు కుర్చీలది. ముందు గదిలో ఆరు కుర్చీలుండేవి. వీధి గుమ్మం పక్కన మొదటిది, డాక్టరు గది తలుపు పక్కన ఆరోది. వచ్చినవాళ్ళు మొదటి దాంట్లో కూర్చోవాలి. ఒకరు లోపలికి వెళ్ళగానే మిగతావాళ్ళంతా ఒక్కో కుర్చీ జరగాలి. ఇక్కడిదాకా న్యాయంగానే ఉంది. చిక్కల్లా గది ఖాళీగా ఉన్నప్పుడే. పొద్దున్నే ఒక్క మనిషి దవడ పట్టుకుని వస్తాడు.

"లోపల ఎవరూ లేరుగా అత్తయ్యా, వెళ్ళనా?"

"కూర్చో నాయనా, మొదటి కుర్చీలో."

"ఎవరూ లేరు కదండీ!"

"లేరు కాబట్టే తొందరగా అయిపోతుంది. ఊఁ, ఇప్పుడు రెండో దాంట్లోకి జరుగు."

అలా ఆ మనిషి ఒక్కడే ఆరు కుర్చీల్లోనూ కూర్చుని లేచి, తనకు తానే దారిచ్చుకుంటూ లోపలికి వెళ్ళేవాడు.

ఒకసారి ఫ్యాను బాగుచేసే అతను వచ్చాడు. "నేను ఫ్యాను కోసమండీ" అన్నాడు. "అందరూ ఏదో ఒకదాని కోసమే వస్తారు, కూర్చో" అంది అత్తయ్య. కూర్చున్నాడు. జరిగాడు. ఆరో కుర్చీ అయ్యాక ఆవిడ అలవాటుకొద్దీ లోపలికి పంపేసింది. పెద్ద డాక్టరుగారు అలవాటుకొద్దీ నోరు తెరవమన్నారు. అతను భయంకొద్దీ తెరిచాడు. చూస్తే రెండు పళ్ళు పుచ్చి ఉన్నాయి. ఆ రోజు ఫ్యాను తిరగలేదు గాని, అతను మాత్రం అప్పటినుంచీ ఏడాదికోసారి వచ్చి పళ్ళు చూపించుకుని వెళుతున్నాడు.

ఇక పుస్తకాల సంగతి. అత్తయ్య బల్ల వెనకాల ఒక చెక్క అల్మారా ఉండేది. అందులో "గాలిమర ఇల్లు" అనే పిల్లల పుస్తకాలుండేవి. మూడు తరాల పిల్లలు చదివిన పుస్తకాలవి. గాలిమర ఇంట్లో ముగ్గురు పిల్లలు, మర తిప్పే ఒక ముసలి తాత, ఒక గాడిద. రాసినావిడ మొత్తం పది రాసింది. ఆసుపత్రిలో ఉన్నవి తొమ్మిది. చివరిదైన "తాళం వేసిన గది" ఎందుకోగాని మొదటినుంచీ లేదు. అన్నీ పలచటి పుస్తకాలు, ఆరు కుర్చీలు జరిగేలోపల అయిపోయేటంతవి.

వాటికీ చట్టాలున్నాయి. పుస్తకం ఆ గది గుమ్మం దాటకూడదు. వచ్చినప్పుడు ఒక్కటే ఇస్తారు. తర్వాత ఏది చదవాలో అత్తయ్య చెప్పాలి, ఇంకెవరూ చెప్పకూడదు. పుస్తకాల వీపుల మీద అచ్చువేసిన అంకెలు ఉండేవి గాని, ఆవిడ వాటిని కనబడకుండా కప్పేసి, కొన్నిటికి నీలం కాగితం, కొన్నిటికి ఎర్ర కాగితం అంటించింది. రంగులెందుకని ఎవరూ అడగలేదు. అడిగితే మొదటినుంచీ చెబుతుందని భయం.

దాంతో ఆ చుట్టుపక్కల పిల్లలకు గాలిమర ఇల్లు కథ అయిదో పుస్తకంలో మొదలై మొదటి పుస్తకంలో ముగిసేది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, ఒక్క గాడిదకు తప్ప. మూడో పుస్తకంలో దాని చెవి కంచెలో ఇరుక్కుని తెగిపోతుంది. ఆ తర్వాత రాసిన పుస్తకాలన్నిటిలో దానికి ఒంటిచెవే. అత్తయ్య వరసలో చదివిన పిల్లలకు మాత్రం గాడిదకు ఒకనాడు ఒక చెవి, ఇంకోనాడు రెండు చెవులు.

ఒక పిల్ల ధైర్యం చేసి అడిగింది. "అత్తయ్యా, గాడిదకి చెవి మళ్ళీ ఎలా వచ్చింది?"

"నీ పన్ను ఊడిందిగా, మళ్ళీ ఎలా వస్తుంది?"

"మొలుస్తుంది."

"మరి!"

ఆ పిల్లకు సందేహం తీరిపోయింది. ఆ పిల్ల పెద్ద డాక్టరుగారి తమ్ముడి కూతురు. వంకర పళ్ళ పుణ్యమా అని చిన్నతనమంతా ఆ ఆరు కుర్చీల్లోనే గడిపింది. ఎన్నిసార్లు వచ్చిందంటే, తొమ్మిది పుస్తకాలూ, నీలంవీ ఎర్రవీ, రెండేసిసార్లు చదివేసింది. చదివి చదివి చివరికి తనూ పళ్ళ డాక్టరవుతానని కాలేజీలో చేరింది.

అక్కడ, చేరిన కొత్తలో, మాస్టారు క్లాసులో ఒక ప్రశ్న వేశారు. "పోయినా మళ్ళీ పెరిగే అవయవాలు చెప్పండి." ఎవరూ లేవలేదు. మన పిల్ల నిటారుగా లేచి నిలబడింది. "బల్లి తోక, పాలపన్ను, గాడిద చెవి."

క్లాసు పడీ పడీ నవ్వింది. మాస్టారు బల్ల పట్టుకుని నవ్వారు. హాస్టల్లో ఒకమ్మాయి జాలిపడి, గాలిమర పుస్తకాల అసలు వరస ఒక కాగితం మీద రాసిచ్చింది. "మీ ఊళ్ళో పుస్తకాలు తలకిందులుగా చదువుతారా ఏమిటే?" అని కూడా అడిగింది. చదువు పూర్తయ్యేదాకా ఆ పిల్ల పేరు గాడిదచెవే. చదువు పూర్తయ్యేనాటికి ఆ అసలు వరస ఆ పిల్లకు నోటికొచ్చేసింది. కోపంకొద్దీ పుస్తకాలు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

ఇంతలో పెద్ద డాక్టరుగారికి మోకాళ్ళు మొండికేశాయి. చేతులు బాగానే ఉన్నాయి గాని, రోజంతా నిలబడటం ఆయనవల్ల కాలేదు. ఆసుపత్రిని తమ్ముడి కూతురికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నారు. అలా ఒకప్పటి వంకరపళ్ళ పిల్ల చిన్న డాక్టరై అదే గుమ్మంలో అడుగుపెట్టింది. వస్తూ వస్తూ రెండు పెట్టుకుని వచ్చింది. మనసులో ఒక శపథం, కుడి దవడ చివర ఒక జ్ఞానదంతం. శపథం పుస్తకాల వరస సరిచేయాలని. జ్ఞానదంతం సంగతి ఎవరికీ చెప్పలేదు. పన్ను ఎలా పీకుతారో బొత్తిగా తెలియనివాళ్ళకే అంత భయం ఉంటే, పూర్తిగా తెలిసినామెకు ఎంత ఉండాలి? ఎడమ వైపు నములుతూ కాలక్షేపం చేస్తోంది.

వచ్చిన వారంలోనే అల్మారా ముందు నిలబడింది.

"అత్తయ్యా, ఈ వరస తప్పు."

ఆ గదిలో అలాంటి మాట ఇదివరకు ఎవరూ అనలేదు. మూడో కుర్చీలో ఉన్న పెద్దమనిషి నొప్పి మరిచిపోయి తలెత్తాడు.

"ఏది తప్పమ్మా?"

"గాలిమర వరస. ముందు చదవాల్సింది 'గాలిమర ఇంటికి దారి'. మీరు దాన్ని అన్నిటికన్నా చివర పెట్టారు."

"అది ముందు చదవాలని ఎవరన్నారు?"

"రాసినావిడ అదే ముందు రాసింది."

"నేను రాత్రి వండే కూర పొద్దున్నే తరిగి పెట్టుకుంటాను. ముందు తరిగానని ముందు అదే తింటామా?"

"పోనీ, కథ జరిగిన వరస ఒకటుంది. తాత చిన్నప్పటి కథ ఆవిడ ఏడోదిగా రాసింది. జరిగిన ప్రకారం చూస్తే అదే మొదటిదని కొందరంటారు."

"అంటే చదువుకున్నవాళ్ళు ఇంకా తేల్చుకోలేదన్నమాట."

"తేల్చుకోకపోయినా, ఆ రెండిట్లో మీది ఏదీ కాదు!"

"కాదు, నాది మూడోది," అంది అత్తయ్య శాంతంగా. "నాలుగో కుర్చీలోకి జరుగు నాయనా, ఊరికే వింటూ కూర్చోకు."

"ఆ మూడోదానికి ఒక లెక్కంటూ ఉందా?"

"ఎందుకు లేదూ? నేను ఈ ఆసుపత్రిలో చేరిన కొత్తలో..."

ఫోను మోగింది. అత్తయ్య మాట్లాడి పెట్టేసింది. "నేను ఈ ఆసుపత్రిలో చేరిన కొత్తలో..." మళ్ళీ మోగింది. మూడోసారి "నేను ఈ ఆసుపత్రిలో" అనేసరికి చిన్న డాక్టరు చేతులెత్తేసి లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి వారం కొత్త పుస్తకాలు వచ్చాయి. పదికి పది, నిగనిగలాడే అట్టలతో, వీపుల మీద ఇంతింత లావు అంకెలతో. చిన్న డాక్టరు వాటిని స్వయంగా సర్దింది. అంకెలు చూసిందే తప్ప ఒక్కదాని అట్ట తెరవలేదు.

అత్తయ్య గొడవ చేస్తుందని అందరూ అనుకున్నారు. చెయ్యలేదు. పాత పుస్తకాలను వాటి వరసలోనే ఒక అట్టపెట్టెలో పెట్టి బల్ల కిందకు తోసింది. "నీ ఆసుపత్రి, నీ అల్మారా," అంది. "కుర్చీల జోలికి మాత్రం రాకు."

కొత్త వరస చక్కగా నడిచింది. పిల్లలు వచ్చారు, "గాలిమర ఇంటికి దారి" చదివారు. అందులో పిల్లలు దారి తప్పుతారు, తాత దొరుకుతాడు, అందరూ ఇల్లు చేరి, వేడివేడిగా తిని, దుప్పట్లు కప్పుకుని పడుకుంటారు. చదివిన పిల్లలు హాయిగా పుస్తకం మూసి, లోపలికి వెళ్ళి, పంటికి మందు పెట్టించుకుని ఇంటికి వెళ్ళారు. మళ్ళీ రమ్మన్న రోజున రాలేదు.

మొదట చిన్న డాక్టరు పట్టించుకోలేదు. తర్వాత కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయని చూసింది. ఫోను చేస్తే తల్లులు ఒకే మాట చెబుతున్నారు. "నొప్పి తగ్గిపోయిందండీ. రమ్మంటే మంచం కింద దూరుతున్నాడు."

అందరిలోకీ ఆమెను కలవరపెట్టింది దర్జీ కూతురు. రెండో తరగతి చదివే పిల్ల. దవడ పన్ను లోపలిదాకా పుచ్చిపోయింది. అది పాలపన్ను కాదు, జీవితమంతా ఉండాల్సిన పన్ను. చిన్న డాక్టరు దాన్ని శుభ్రం చేసి, మందు పెట్టి, తాత్కాలికంగా మూసి, వారంలో తప్పకుండా తీసుకురమ్మంది. వారం గడిచిపోయింది. ఆ మూత ఊడిందంటే చీము పడుతుంది, పన్ను దక్కదు.

ఫోను చేసింది. దర్జీ ఎత్తాడు.

"తెద్దామనే చూస్తున్నానండీ డాక్టరమ్మా. స్తంభం పట్టుకుని వదలట్లేదు. లాగితే స్తంభం వచ్చేలా ఉంది గాని పిల్ల వచ్చేలా లేదు."

"ఆ పన్ను పోతే మళ్ళీ రాదండీ!"

"అదే చెప్పానమ్మా. గాడిద చెవిలా అదే మొలుస్తుందంటోంది. వాళ్ళ అక్క చెప్పిందట."

చిన్న డాక్టరు ఫోను పెట్టేసి నుదురు పట్టుకుంది. తనను చదువుకునే రోజులంతా వెంటాడిన గాడిద మళ్ళీ ఎదురొచ్చింది. ఈసారి నవ్వడానికి ఎవరూ లేరు. ఒక చిన్నపిల్ల పన్ను పోయేలా ఉంది.

"అత్తయ్యా, ఏం చెయ్యను? ఆ పిల్ల రానంటోంది."

అత్తయ్య పెన్ను మూత పెట్టింది. "ఏ పుస్తకం చదివిందది?"

"మొదటిదే. 'గాలిమర ఇంటికి దారి'."

"చివర్లో ఏమవుతుంది?"

"నాకేం గుర్తు! అందరూ తిని పడుకుంటారనుకుంటాను."

"అందరూ తిని పడుకున్నాక ఇంక దేనికొస్తుందమ్మా?"

అలా అని, అత్తయ్య వంగి అట్టపెట్టెను బయటకు లాగింది. పైనున్న నీలం కాగితం పుస్తకం తీసింది. ఫోను దగ్గరకు లాక్కుంది. "దర్జీగారూ, ఫోను పిల్ల చెవి దగ్గర పెట్టండి. వదలద్దు."

చదవడం మొదలుపెట్టింది. మొదలంటే మామూలు మొదలు కాదు. ముందు అట్ట మీది పేరు, తర్వాత లోపలి పేరు, తర్వాత అచ్చువేసినవాళ్ళ చిరునామా, మళ్ళీ పేరు. "తాడు తెగిన బావి." అప్పుడు కథ. ముగ్గురు పిల్లల్లో చిన్నవాడు గాడిద గంట కోసం పాడుబడ్డ బావిలోకి దిగుతాడు. పైన ఇద్దరూ తాడు పట్టుకుంటారు. చీకటి పడుతూ ఉంటుంది. అత్తయ్య గొంతు పెద్ద గొప్పదేం కాదు, పేర్లు పిలిచే గొంతే. కానీ ఆ గొంతులో ఒక్క మాట తప్పేది కాదు, ఒక్క మాట ముందుకు దూకేది కాదు.

చిన్న డాక్టరు తలుపు దగ్గరకొచ్చి ఆరో కుర్చీలో ఉన్నావిణ్ణి పిలిచింది. ఆవిడ కదల్లేదు.

"రండమ్మా, మీదే వంతు."

"ఉండండి డాక్టరమ్మా, తాడు పిగులుతోంది."

అయిదో కుర్చీ ముందుకు వంగి వింటోంది. నాలుగో కుర్చీ బుగ్గ మీద చెయ్యి తీసేసింది. ఆ ఆసుపత్రి పెట్టాక కుర్చీలు జరగడం ఆగిపోయింది అదే మొదటిసారి. చిన్న డాక్టరు కూడా తలుపుకు ఆనుకుని నిలబడిపోయింది.

"పిల్లవాడి చేతికి గంట తగిలింది. అదే క్షణాన పైన తాడు తెగింది," అని చదివి, అత్తయ్య పుస్తకం మూసింది.

ఫోనులోంచి ఒక సన్నటి గొంతు గది మొత్తానికీ వినబడేలా అరిచింది. "తర్వాత?"

"తర్వాతది ఇంకో పుస్తకంలో ఉందమ్మా. ఆ పుస్తకం ఈ గుమ్మం దాటి రాదు. నీకు తెలుసుగా."

మర్నాడు ఆసుపత్రి తాళం తీసేసరికే దర్జీ మెట్ల మీద ఉన్నాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. "రాత్రంతా బావిలో వాడు ఏమయ్యాడో నన్ను చెప్పమంటుందండీ. నాకేం తెలుసు!" అన్నాడు. పిల్ల అప్పటికే మొదటి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ఆరో కుర్చీకి వచ్చేసరికి బావిలో పిల్లవాడు బతికాడు గాని, పొగమంచులో ఎక్కడిదో ఇంకో గంట మోగింది. అది ఎవరు మోగించారో తర్వాతి పుస్తకంలో ఉంది. చిన్న డాక్టరు పన్ను తెరిచి చూసింది. మూత అంచు లేస్తోంది, లోపల మాత్రం శుభ్రంగానే ఉంది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే ఆ మాట అనగలిగేది కాదు.

ఆ మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక, చిన్న డాక్టరు వీధి తలుపు వేసింది. ఫోను తీసి పక్కన పడుకోబెట్టింది. అత్తయ్య ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండత్తయ్యా. మొదటినుంచీ."

అడ్డం వచ్చేవాళ్ళు లేకపోతే అత్తయ్య మాట నిజానికి చాలా చిన్నది.

"నేను ఈ ఆసుపత్రిలో చేరిన కొత్తలో పిల్లలు ఒకసారి వచ్చేవాళ్ళు, రెండోసారి వచ్చేవాళ్ళు కాదు. మీ పెదనాన్నగారి చెయ్యి చాలా మెత్తన. కానీ పిల్లలకి చెయ్యి కనబడదమ్మా, సూది కనబడుతుంది. సగం బాగుచేసిన పళ్ళు పాడైపోయి వస్తుంటే ఆయన అన్నం సయించక తిరిగేవారు. అప్పుడు ఈ పుస్తకాలన్నీ చదివాను. కొన్ని తెగిన తాడు దగ్గర ఆగుతాయి, కొన్ని మూసిన తలుపు దగ్గర ఆగుతాయి. మళ్ళీ రావలసిన పిల్లలకి అవి ఇవ్వాలి. అదీ నీలం. ఇంక రానక్కర్లేదు అన్న రోజున, అందరూ తిని పడుకునేది ఇవ్వాలి. అందుకే దాన్ని చివర పెట్టాను."

"మరి ఎరుపు?"

"పన్ను పీకించుకునేవాళ్ళకి. లోపలికి వెళ్ళేముందు 'ఒంటిచెవి గాడిద' ఇస్తాను. చెవి పోయినా గాడిద గెంతుతూనే ఉందని చూసుకుని వెళతారు. తిరిగొచ్చి దూది కొరుక్కుని కూర్చున్నప్పుడు ఇంకోటి ఇస్తాను. అందులో రెండు చెవులూ ఉంటాయి."

"అత్తయ్యా, అది చెవి తెగకముందు కథ!"

"నాకు తెలియదా ఏమిటి? పన్ను పోయిన పిల్లకి ఆ రోజు చెవి మొలవాలమ్మా. ఎలా మొలిచిందన్నది పెద్దయ్యాక తేల్చుకుంటుంది."

"నేను తేల్చుకున్నాను. కాలేజీలో, అందరి ముందూ."

"ఏమన్నారు?"

"నవ్వారు."

"పళ్ళన్నీ కనబడేలా నవ్వారా?"

"ఆ."

"మరింకేం, పళ్ళు చూడ్డం నేర్చుకోడానికేగా వెళ్ళింది మీరంతా."

అన్నేళ్ళ కోపం చిన్న డాక్టరు నోట్లోంచి నవ్వై బయటకు వచ్చింది. నవ్వింది నవ్వినట్టే కుడి దవడ పట్టుకుని "అబ్బా" అంది. అత్తయ్య ఓరగా చూసింది.

పాత పుస్తకాలు మళ్ళీ అల్మారా ఎక్కాయి. రానన్న పిల్లలందరికీ అత్తయ్య ఫోన్లో ఒక్కొక్కరికీ బావి కథ వినిపించింది, ప్రతిసారీ అచ్చువేసినవాళ్ళ చిరునామాతో సహా. మంచాల కింది నుంచి పిల్లలు ఒక్కొక్కరే బయటకొచ్చారు. దర్జీ కూతురు పన్ను మిగిలిన రెండు పుస్తకాల్లో పూర్తయింది.

కొత్త పుస్తకాల్లో తొమ్మిదింటిని పక్క వీధి బడికి ఇచ్చేశారు. పదోది, "తాళం వేసిన గది", అత్తయ్య తన బల్ల మీద పెట్టుకుంది. దానికి నీలమూ అంటించలేదు, ఎరుపూ అంటించలేదు.

"చదివారా?" అని అడిగింది చిన్న డాక్టరు.

"లేదు. ఇన్నేళ్ళూ మన దగ్గర లేదుగా. తొమ్మిదింటిదాకా వచ్చి ఆగిపోయాను."

"ఇప్పుడుందిగా, చదవచ్చుగా!"

"చూద్దాం. వరస రానీ."

వరస ఒక సోమవారం వచ్చింది. పొద్దున్న చిన్న డాక్టరు కుడి బుగ్గ బూరెలా పొంగి ఉంది. మాట సరిగా రావడం లేదు. అయినా గబగబా లోపలికి వెళ్ళబోయింది. వెళ్ళలేకపోయింది. లోపల పెద్ద డాక్టరుగారు ఎత్తు స్టూలు వేసుకుని కూర్చుని, చేతులు కడుక్కుంటున్నారు.

"పెదనాన్నా! మీరేమిటిక్కడ?"

"అత్తయ్య ఫోను చేసిందే. నిలబడలేను గాని, కూర్చుని పీకడానికేం?"

చిన్న డాక్టరు వెనక్కి తిరిగింది. "అత్తయ్యా, మీకెవరు చెప్పారు?"

"నువ్వొచ్చిన రోజునుంచీ ఎడం వైపే నములుతున్నావు. నా కళ్ళు బాగానే ఉన్నాయి."

"ఇవాళ కాదు. ఇంకో రోజు చూద్దాం. బోలెడు పనుంది."

"జ్ఞానం పోతుందని భయమా?"

"భయమేం కాదు..."

"అయితే కూర్చో. మొదటి కుర్చీలో."

"ఇది నా ఆసుపత్రి అత్తయ్యా!"

"అందుకే నువ్వు వరస తప్పకూడదు."

చిన్న డాక్టరు మొదటి కుర్చీలో కూలబడింది. ఇన్ని నెలలూ ఆ గదిని లోపలి తలుపు నుంచి చూసిందే గాని, ఈ వైపు నుంచి చూసి ఏళ్ళయింది. ఇక్కడినుంచి ఆ తలుపు ఎంతో దూరంలో ఉన్నట్టుంది. అత్తయ్య పక్కన నిలబడి పదో పుస్తకం తెరిచింది. అట్ట మీది పేరు, లోపలి పేరు, చిరునామా. చిన్న డాక్టరు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. గాలిమరలో తాత ఎప్పుడూ తాళం వేసి ఉంచే గది ఒకటుంది. తాత తాళంచెవి మరిచిపోయి సంతకు వెళ్ళాడు. రెండో కుర్చీ. పిల్లలు మెట్లెక్కారు. మూడో కుర్చీ, నాలుగో కుర్చీ. తాళం తిరగనని మొరాయించింది. ఎప్పుడు జరిగిందో తెలియకుండానే చిన్న డాక్టరు ఆరో కుర్చీలో ఉంది, తలుపు చేతికి అందేంత దగ్గరగా ఉంది. ఈ కుర్చీలెందుకో కూడా అప్పుడు తెలిసింది ఆమెకు. ఒక్కసారిగా నడవలేని దూరాన్ని అత్తయ్య ఆరు ముక్కలు చేసి పెట్టింది.

"తాళం టక్కుమంది. తలుపు మెల్లిగా తెరుచుకుంది. లోపల ఉన్నది చూసి ముగ్గురూ ఒకేసారి..."

అత్తయ్య ఆగింది.

"ఒకేసారి?"

"పేజీ తిప్పాలి."

"తిప్పండి!"

"లోపలికెళ్ళి వచ్చాక."

"అత్తయ్యా, నేను చిన్నపిల్లనా? పోనీ, మీరు చూసి చెప్పండి, ఏముందో."

"నాకూ తెలియదమ్మా." అత్తయ్య ఆ పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసింది. "నువ్వు లోపల నొప్పి పడుతుంటే నేనిక్కడ తెలుసుకుని కూర్చుంటానా? నువ్వొచ్చేదాకా నేనూ ఇక్కడే ఆగుతాను. వెళ్ళు, తొందరగా రా. నాకూ ఆత్రంగానే ఉంది."

చిన్న డాక్టరు లేచింది. భయం పోలేదు. కానీ తలుపు తెరిచి లోపలికి వెళ్ళింది.

పెద్ద డాక్టరుగారి చెయ్యి నిజంగానే మెత్తన. ఆమె దూది కొరుక్కుని, సగం మొహం మొద్దుబారి బయటకొచ్చేసరికి అత్తయ్య అలాగే నిలబడి ఉంది. వేలు అదే పేజీలో ఉంది. ఆ వెనకాలే పెద్ద డాక్టరుగారు స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి, "ఆ గదిలో ఏముందో నేనూ వినాలి" అంటూ కూర్చున్నారు.

చిన్న డాక్టరు ఆత్రంగా పుస్తకం వైపు వేలు చూపించింది. అత్తయ్య తల ఊపింది, పేజీలోంచి వేలు తీసేసింది, పుస్తకాన్ని మొదటికి తిప్పింది.

"మధ్యలో ఆగిపోయిందిగా," అంది. "మొదటినుంచీ చదువుదాం."

నోట్లో దూది ఉండబట్టి ఆసుపత్రి యజమానురాలు ఏమీ అనలేకపోయింది. అత్తయ్య అట్ట తిప్పింది. మొదటి పేజీలో పెద్ద బొమ్మ ఉంది. గాలిమర ముందు ముగ్గురు పిల్లలు, పక్కన గాడిద. చిన్న డాక్టరు దాన్ని చూసి, తన చెవి పట్టుకుని, ఎన్ని అన్నట్టు సైగ చేసింది.

అత్తయ్య బొమ్మ వైపు చూసింది. పొంగిన బుగ్గ వైపు చూసింది.

"రెండూ ఉన్నాయి," అంది.

బొమ్మలో గాడిదకు ఉన్నది ఒక్కటే చెవి. ఆ కుర్చీలోంచి అది స్పష్టంగా కనబడుతోంది. పళ్ళ డాక్టరు చదువు పూర్తిగా చదివిన మనిషి ఆ ఒంటిచెవి వైపు బాగా చూసి, దూది గట్టిగా కొరికి పట్టి, నిజమేనన్నట్టు తల ఊపింది.